సపరివారముగా రానక్కరలేదు

నరసరావుపేటలోనో గురజాలలోనో ఒక విద్యార్థి, 2 జీబీ ర్యాము మాత్రమే గల పాత కంప్యూటరులో డెబియన్ లినక్సును నెలకొల్పి, పుస్తకములు చదువుకొనుటకు కేడీఈ వారి ఓక్యులర్ ఒక్కటే కావలెనని తలచెననుకొందము. అందుకై ప్లాస్మా యను డెస్క్‌టాప్ సంభారమునంతయు దింపుకొనవలెనా యను సందేహము సహజమే. అక్కరలేదు.

ఏలననగా, 1984లో అమెరికాలోని ఎం.ఐ.టి.యందు పుట్టిన ఎక్స్ విండో వ్యవస్థ, తెరపై బొమ్మను చూపుటకును, కీబోర్డు, మౌసుల సంకేతముల నందించుటకును మాత్రమే పూనుకొని, కిటికీల అంచులను, కదలికలను విండో మేనేజరను వేఱొక ప్రోగ్రామునకు విడిచినది. 1996లో కేడీఈయు, 1997లో గ్నోమును అను డెస్క్‌టాప్ ప్రాజెక్టులు ఆరంభమై, ప్యానెళ్లు, మెనూలు, సెట్టింగులు అన్నిటిని ఒక్క కూర్పుగా చేసినవి. అప్లికేషన్‌కు ఆధారము ఆ కూర్పు గాదు, క్యూటీ, జీటీకే వంటి లైబ్రరీలే. కావున ఓపెన్‌బాక్స్ వంటి తేలిక మేనేజరు క్రిందను ఓక్యులర్ నిశ్చింతగా తెఱచుకొనును. వలసిన లైబ్రరీలను ప్యాకేజీ వ్యవస్థ తానే తెచ్చును; సిఫారసు ప్యాకేజీలు వలదని ముందే చెప్పినచో పరివారము మఱింత తగ్గును.

చిక్కులును గలవు. ఐకాన్లు కొన్ని కనబడవు. ప్రోగ్రాములు తమలో తాము సంభాషించుకొను డీ-బస్ సేవ నడవనిచో కొన్ని గ్నోమ్ అప్లికేషన్లు అలుగును. మనవారికి ముఖ్యమైనది వేఱు: తెలుగు అక్షరములకు బదులు డబ్బాలు కనబడినచో లోహిత్ తెలుగు ఫాంటును చేర్చుకొనవలెను; తెలుగున టైపు చేయుటకు వలయు ఐబస్ అను సాధనమును సెషన్ ఆరంభమున మేల్కొలుపు డెస్క్‌టాప్ ఇచట లేదు గనుక, ఆ పని మనమే చేయవలెను.