ఎండతో నడిచే గ్రంథాలయం

పిల్లలూ, పెళ్ళి భోజనాల బంతిలో ఎవరు ఏది అడిగితే అది తెచ్చి వడ్డించేవారు ఉంటారు గదా! కంప్యూటర్ల లోకంలో ఆ పని చేసే యంత్రాన్నే సర్వర్ అంటారు. పెద్ద సర్వర్లకు పెద్ద భవనాలూ, బోలెడు కరెంటూ కావాలి. కాని అరచేతిలో ఇమిడే సర్వర్లు కూడా ఉన్నాయి. పోతిరెడ్డిపల్లిలో మా ఇంటి అలమరలో అటువంటిదొకటి ఉన్నది. దాన్ని నడిపేది డాబామీది ఎండ.

అది రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు. పిల్లలు కంప్యూటర్ విద్య నేర్చుకోవాలని 2012లో ఇంగ్లండులో దీన్ని విడుదల చేశారు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాను దాని మెమరీ కార్డులో నింపాను. ఇంటర్నెట్టు లేకపోయినా మా వీధి పిల్లలు అరుగుమీద కూర్చుని, ఇంట్లోవాళ్ళ ఫోనులో దాన్ని చదువుకుంటారు.

ఎండ కరెంటుగా ఎట్లా మారుతుంది? సౌర ఫలకంలో సిలికాన్ బిళ్ళలు ఉంటాయి. ప్రతి బిళ్ళలోనూ రెండు పొరలు. వెలుగు తగలగానే లోపలి ఎలక్ట్రాన్లు కదులుతాయి. పొరల నడుమనున్న విద్యుత్ క్షేత్రం వాటిని ఒకే వైపుకు నెడుతుంది. ఆ ప్రవాహమే కరెంటు. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు చూపిన బిళ్ళ, తనపై పడిన వెలుగులో నూటికి 6 పాళ్ళను మాత్రమే కరెంటుగా మార్చింది. నేటి మంచి ఫలకాలు 20 పాళ్ళకు పైగా మారుస్తున్నాయి.

ఇక లెక్క చూద్దాం. మా యంత్రానికి 5 వాట్లు చాలు. 24 గంటలకు 120 వాట్-గంటలు. మా ఫలకం 50 వాట్లది. మన వైపు ఎండ సగటున రోజుకు 5 గంటల నిండు ఎండతో సమానం. అనగా 250. అందులో మూడోవంతు వేడికీ, దుమ్ముకూ, తీగలకూ పోయినా 165 మిగులుతాయి. “ఇంకేం, సరిపోయింది!” అనుకున్నాను.

అక్కడే పప్పులో కాలు వేశాను. సగటు వేరు, ముసురు వేరు. జూలైలో మబ్బు కమ్మిన రోజున ఫలకం 40 కూడా ఇవ్వలేదు. బ్యాటరీలో వాడుకోదగినది 120 మాత్రమే. రెండో రాత్రి యంత్రం ఠక్కున ఆగిపోయింది. రాస్తూ ఉండగా కరెంటు పోవటంతో కార్డు పాడయింది. ఏడో తరగతి పిల్లలు నెల రోజులు కొలిచి అందులో ఎక్కించిన వాన లెక్కలన్నీ పోయినై!

ఒక అమ్మాయి మాత్రం తన నోటుపుస్తకం తెచ్చింది. అందులో 19 రోజుల లెక్కలున్నాయి.

“రెండుచోట్ల ఎందుకు రాశావమ్మా?” అన్నాను.

“చిత్తుప్రతి పారెయ్యవద్దని మీరే చెప్పారు గదా, సార్!” అన్నది.

నేను చెప్పిన పాఠం నేనే మరిచాను. మిగతా 11 రోజులు తిరిగి రాలేదు.

తరువాత పెద్ద ఫలకం కొనలేదు. రాత్రి 10 నుంచి 5 దాకా యంత్రాన్ని నిద్రపుచ్చుతున్నాం. ఖర్చు 85కు దిగింది. బ్యాటరీని రెట్టింపు చేశాం. ఇప్పుడు ముసురు రోజున 40 వచ్చినా, బ్యాటరీ ఇవ్వవలసింది 45 మాత్రమే. అయిదు రోజులు తట్టుకుంటుంది. బ్యాటరీ తగ్గినప్పుడు యంత్రం రాస్తున్నది ముగించి, పద్ధతిగా ఆగేట్లు అమర్చాం. వారానికొకసారి ప్రతి తీసి వేరేచోట దాస్తున్నాం.

2018లో స్పెయిన్ దేశపు బార్సిలోనాలో కూడా ఒక పత్రికను ఇట్లాగే ఎండ సర్వర్ మీద పెట్టి, మబ్బు రోజుల్లో అది ఆగిపోవచ్చునని పాఠకులకు ముందే చెప్పారు.

మరొక వింత వినండి. ఫలకానికి వెలుగు ఇష్టం, వేడి కాదు. 25 డిగ్రీలు దాటితే ప్రతి డిగ్రీకీ దాని శక్తి నూటికి సుమారు 0.4 పాళ్ళు తగ్గుతుంది. అందుకే దాని కింద గాలి ఆడేట్లు, దక్షిణం వైపు కొంచెం వాల్చి నిలిపాం. చౌరస్తాలో లారీలు లేపే దుమ్మును పిల్లలు పొద్దున్నే తడిబట్టతో తుడుస్తారు. బ్యాటరీ తీగలను మాత్రం పెద్దవాళ్ళే ముట్టుకోవాలి.

ఈ రాత్రి మీ ఇంటి బల్బుమీద ఎన్ని వాట్లని రాసి ఉందో చూడండి. అది ఎన్ని గంటలు వెలుగుతుందో లెక్కకట్టండి. ఆ లెక్క నోటుపుస్తకంలో రాయటం మరవకండి!