ఉప్పుమళ్ల సహారా

సహారా అంటే మన కళ్లముందు కదిలేవి ఇసుక దిబ్బలు, ఒంటెల బారు. ఆ ఎడారికి ఒక సముద్రపు ఒడ్డు కూడా ఉందన్న సంగతి చప్పున తట్టదు. పడమటి కొసన, మౌరిటానియా దేశంలో, ఇసుక నేరుగా అట్లాంటిక్ నీళ్లలోకి దిగిపోతుంది. అక్కడి నువాదిబూ రేవు నుంచి రాజధాని నువాక్‌షాట్‌కు తారు రోడ్డు పడింది 2000 దశకం నడుమ. అంతవరకూ బండ్లు కొంత దూరం ఎడారిలో, కొంత దూరం కెరటాల అంచున పోయేవి. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు తడిసి గట్టిపడిన ఇసుకే వాటికి రోడ్డు. మళ్లీ పోటు ఎక్కేలోగా దిబ్బల సందు చూసుకుని పైకి రాకపోతే బండి మీద ఆశ వదులుకోవలసిందే. అందుకే ఆ ఇసుకలో పుట్టి పెరిగినవాణ్ని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని మరీ బయల్దేరేవారు. ఇప్పుడు అలాంటి దారులనే జీపు, గుడారం, వంటమనిషితో సహా కలిపి సాహసయాత్రలుగా అమ్ముతున్నారు.

ఎడారినీ సముద్రాన్నీ ఒకే పూటలో చూపించే చోటు మనకూ ఒకటుంది. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని నౌపడ. సహారాతో దీనికి పోలికేమిటని నవ్వొచ్చు. సహారా విస్తీర్ణం 90 లక్షల చదరపు కిలోమీటర్ల పైమాట, నౌపడ పొలిమేర నుంచి కడలి ఒడ్డుకు ఆటోలో పోవచ్చు. అయితే ఉప్పు, పక్షులు, రైలు, ఒడ్డు ఈ నాలుగూ అక్కడ ఎలా ముడిపడి ఉన్నాయో ఇక్కడా అలాగే ఉన్నాయి. అక్కడుండి ఇక్కడ కరవైంది దారి చూపే మనిషికి పని, ఆ పనికి కూలి. ఈ కథనమంతా నిజానికి దాని గురించే.

వానలు కురిసే ఎడారి

బయల్దేరడానికి నా ఓటు నౌపడ స్టేషన్‌కు కాదు, పక్కనే టెక్కలి మండలంలోని రావివలసకు. అక్కడి శివుణ్ని ఎండల మల్లికార్జునుడంటారు. పెద్ద లింగం, పైన కప్పు లేదు. ఎండలో ఉండడమే ఆ స్వామికి ఇష్టమని భక్తుల నమ్మకం. వెళ్లబోయే చోట నీడ దొరకదని చెప్పడానికి ఇంతకన్నా మంచి మజిలీ ఉండదు.

నౌపడ దాటి భావనపాడు వైపు తిరిగితే చెట్లు పలచబడతాయి, కాసేపటికి మాయమవుతాయి. గట్లు, కాలవలు, చదరపు మళ్లు, వాటి మీద తెల్లగా పేరుకున్న పొర. మార్చి, ఏప్రిల్‌ నెలల్లో పది దాటాక నల్లకళ్లద్దాలు లేకుండా అటు చూడలేం. సహారాలో అసలు ఇసుక దిబ్బలు పరుచుకున్నది నాలుగో వంతు నేలే. మిగతాదంతా రాతినేల, గులకరాళ్ల మైదానం, ఎండిపోయిన ఉప్పు పర్రలు. సినిమాలు చూసి సహారా అనుకునేదానికి నౌపడ దూరమే గానీ, నిజం సహారాలో ఉన్న ఆ ఉప్పు పర్రలకు దగ్గరి చుట్టం.

తేడా ఉన్నది నీళ్ల దగ్గర. సహారాలో చాలా మేర ఏడాదికి 100 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. శ్రీకాకుళం జిల్లాలో వెయ్యి దాటుతుంది. వాన లేక ఎడారి అయిన నేల అది, వాన కురిసినా ఉప్పు వల్ల ఎడారిలా కనిపించే నేల ఇది. సముద్రపు ఒడ్డున ఇసుక మిట్ట, దాని వెనక పల్లం. ఆ పల్లాన్నే ఇక్కడివాళ్లు తంపర అంటారు, సోంపేట వైపు వెళితే బీల. వానాకాలంలో మీది నీళ్లు వచ్చి అందులో నిలుస్తాయి, పోటు వేళ ఉప్పుటేరు లోపలికి ఎక్కుతుంది. జిగట మట్టి కావడంతో నీరు తొందరగా ఇంకదు. ఉప్పు పండించడానికి అంతకన్నా ఏం కావాలి?

ఉప్పు 'పండించడం' అనే అంటారు. చేసేవాళ్లు ఉప్పు రైతులు, కొలిచేది మళ్ల లెక్కన. వానలు పూర్తిగా తగ్గాక నేలను చదును చేసి, నీళ్లు పోసి, కాళ్లతో తొక్కి తొక్కి గట్టిపరుస్తారు. అడుగు వదులుగా ఉంటే ఉప్పులో మట్టి కలుస్తుంది. తరవాత ఉప్పునీటిని ఒక పెద్ద మడిలో నిలబెట్టి, ఎండకూ గాలికీ చిక్కబడే కొద్దీ ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మళ్లిస్తారు. ఆ చిక్కదనాన్ని కొలిచే పరికరంలో సముద్రపు నీరు 3 డిగ్రీల బోమే చూపిస్తుంది. దాదాపు 25కు చేరాకే ఉప్పు పలుకు కడుతుంది. ఆ లోపల సున్నం, జిప్సం ముందు మళ్లలోనే దిగిపోతాయి. 30కి దగ్గరపడితే మెగ్నీషియం లవణాలు దిగడం మొదలై ఉప్పు చేదెక్కుతుంది, కాబట్టి ఆ మిగులు నీటిని వదిలేయాలి. ఈ లెక్క పుస్తకంలో చదివితే రసాయనశాస్త్రం. మడి గట్టున నిలబడిన పెద్దాయన మాత్రం నీటి రంగు చూసి, వేళ్ల మధ్య జిగురు చూసి చెప్పేస్తాడు.

పలుగుతో లాగి, గంపల్లో మోసి, గట్టున కుప్ప పోసి, వాన సూచన ఉంటే తాటాకు కప్పాలి. వేసవిలో ఒక్క అకాల వాన చాలు, వారాల కష్టం నీళ్లపాలు. దేశపు ఉప్పులో ముప్పాతిక వంతుకు పైగా గుజరాత్‌దే. అక్కడ ఎండలెక్కువ, వానలు తక్కువ, యంత్రాలు ఎక్కువ. ఆ పోటీలో నౌపడ ఉప్పు నిలబడిందంటే అందుకయ్యే ఖర్చు చాలావరకు మనుషుల ఒంటి మీదే పడుతోంది. పాదాల పగుళ్లు, ఉప్పు తగిలి మానని పుళ్లు, మెరుపుకు మండే కళ్లు. పర్యాటకుల ఫొటోల్లో తెల్లటి కుప్పలు అందంగా వస్తాయి గానీ వీటికి చోటుండదు.

ఒంటెలు అక్కడ, పెరికెడ్లు ఇక్కడ

సహారా నడిబొడ్డున, మాలి దేశపు ఉత్తరాన, తావుదెన్ని అనే చోట పాతకాలపు సరస్సు అడుగు నుంచి ఉప్పును పలకలుగా కోసి తీస్తారు. ఆ పలకలు ఒంటెల మీద వారాల తరబడి నడిచి టింబక్టు చేరేవి. ఇప్పుడు లారీలూ వచ్చాయి. అంతకుముందున్న తగాజా గనిలో 1352 ప్రాంతంలో ఆగిన ఇబ్న్ బతూతా, ఉప్పు దిమ్మలతో కట్టి ఒంటె తోళ్లు కప్పిన ఇళ్లు చూశానని రాసుకున్నాడు. మన దగ్గరా ఉప్పుకు బిడారులు ఉండేవి. తూర్పు తీరపు ఉప్పును బంజారాలు పెరికెడ్ల మీద వేసుకుని కొండల మీదుగా లోపలి దేశానికి తీసుకెళ్లి, తిరుగుదారిలో ధాన్యం తెచ్చేవారు. ఎడ్ల మెడల్లో గంటలు, వెంట పిల్లాజెల్లా, దారి పొడవునా విడుదులు. సహారా బిడారుల మీద పుస్తకాలూ డాక్యుమెంటరీలూ కుప్పలుగా వచ్చాయి. మన బంజారా ఉప్పు దారులను ఎంతమంది నడిచి రాశారు?

రైలు వచ్చి ఆ దారులను మింగేసింది. 1890ల్లో తూర్పు తీరం వెంబడి పెద్ద లైను పడ్డాక, పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి తన ఊరిని దానికి కలపాలనుకున్నారు. కలిసే చోటు నౌపడ. రెండున్నర అడుగుల గేజుతో, సుమారు 40 కిలోమీటర్ల బుల్లి రైలు 1900లో నడిచింది. 1930 ప్రాంతంలో అది గుణుపురం దాకా సాగింది. 1936లో ఒరిస్సా ఏర్పడ్డాక రైలు రెండు రాష్ట్రాలదైంది, ఎక్కే జనం మాత్రం మారలేదు. 2004లో చిన్న లైను ఆగి, 2011 నాటికి గుణుపురం వరకూ బ్రాడ్‌గేజి వచ్చింది. మౌరిటానియాలో ఇనప రాయి మోసే రైలు 1963 నుంచి 704 కిలోమీటర్లు ఎడారి దాటి నువాదిబూ రేవుకొస్తుంది. దాని వ్యాగన్ల మీద రాయి మధ్య కూర్చుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని ప్రయాణించడాన్ని ఘనంగా చెప్పుకునేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. నౌపడ నుంచి గుణుపురం పోయే పాసింజరులో కిటికీ పక్క సీటు దొరికితే చాలు, మహేంద్రగిరి వైపు కొండలు కనిపిస్తాయి, ముక్కుకు గుడ్డ అక్కర్లేదు.

సైబీరియా ఎవరిది?

నౌపడకు దగ్గర్లోనే తేలినీలాపురం. వానలు వెనకబడే వేళకు పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్‌లు వచ్చి ఊరి చెట్ల మీద గూళ్లు కడతాయి, పిల్లల్ని పెంచి వేసవి ముందర వెళ్లిపోతాయి. పురిటికొచ్చిన ఆడపడుచుల్లా ఊరు వాటిని చూసుకుంటుంది. మేత తంపరలో, కాపురం చింతచెట్టు మీద. తంపర ఎండితే ఆ కాపురం లేదు.

అవి సైబీరియా నుంచి వస్తాయని బోర్డుల మీదా, పేపర్లలోనూ రాస్తూనే ఉంటారు. ఆ పెలికాన్ దక్షిణాసియా పక్షి, మన దేశమే దానికి ప్రధాన నివాసం. స్టార్క్‌దీ అదే సంగతి. నిజంగా ఉత్తర ధ్రువం అంచు నుంచి, సైబీరియా నుంచి వచ్చేవి మన తీరపు ఉప్పుమళ్ల బురదలో చీమల్లా పరుగులు తీసే చిన్న ఉల్లంకి పిట్టలు. పిడికెడంత ఉండవు, వాటి వైపు ఎవరూ కెమెరా తిప్పరు.

వాటి బంధువుల్ని చూడ్డానికే మౌరిటానియాలోని బాంక్ దార్గాన్‌కు జనం వెళతారు. ఎడారి, సముద్రం కలిసే 12,000 చదరపు కిలోమీటర్ల జాతీయ వనం, 1989లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. చలికాలంలో 20 లక్షలకు పైగా పక్షులు దిగుతాయి. అక్కడి ఇమ్రాగెన్ బెస్తలకు మాత్రమే వేట హక్కు, అదీ తెరచాప పడవలతోనే. డాల్ఫిన్లు చేపల గుంపును ఒడ్డుకు తరిమితే వలలు వేయడం వాళ్ల పాత పద్ధతి. పక్షుల్ని కాపాడాలంటే బెస్తవాణ్ని వెళ్లగొట్టక్కర్లేదని ఆ వనం చూపించింది.

ఇక్కడ అలా జరగలేదు. థర్మల్ విద్యుత్ కేంద్రం తంపరను మింగేస్తుందని కాకరాపల్లి చుట్టుపక్కల పల్లెలు ఎదురుతిరిగితే, 2011 ఫిబ్రవరి 28న వడ్డితాండ్ర దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అంతకు ఏడు నెలల ముందు సోంపేట బీల కోసమూ అదే కథ. ఇప్పుడు మూలపేటలో పోర్టు. 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. వలస పోయే జిల్లాకు పోర్టు వద్దని ఎవరంటారు? నేనూ అనను. లారీల రోడ్లు, గోదాములు తంపరకు ఎంత దూరంలో ఆగుతాయన్నదే నా ప్రశ్న.

ముందు సీటు

మళ్లు దాటితే ఇసుక మిట్టలు. సర్వి తోటలు, జీడి చెట్లు, మొగలి పొదలు, ఇసుకను పట్టి ఉంచే బాలబందు తీగ. వాటి మీదుగా దిగితే భావనపాడు ఒడ్డు, బోట్లు, ఎండుచేపల వాసన. మిట్టలనూ సర్వి తోటలనూ తేలిగ్గా తీసుకోకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ జిల్లాలోనే పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరినీ జీడినీ కూల్చింది. ఇలాంటి చోట గాలికి మొదట అడ్డు నిలిచేవి ఇవే.

సహారాలో ఎరిగిన మనిషి లేకుండా తిరగడం ఎంత ప్రమాదమో లోకానికి తెలుసు. ఐరోపా నుంచి డకార్ పోయే కార్ల పందెం మౌరిటానియాలో భద్రత లేక 2008లో రద్దయింది, ఆ తరవాత ఆఫ్రికానే వదిలిపోయింది. నౌపడలో ఆ భయాల్లేవు. ప్రమాదాలు వేరే రకం. గట్టి నేల అనిపించే పొర కింద మోకాలి లోతు బురద ఉంటుంది. ఏటి మొగ దగ్గర అడుగు కనిపించే నీళ్లే లాక్కుపోతాయి. చూడ్డానికొచ్చినవాళ్లు తొక్కితే తొక్కి బిగించిన మడి అడుగు పాడవుతుంది. 'గట్టు మీదే నడండి బాబూ' అని ఉప్పు రైతులు మెత్తగా చెబుతారు, మనం వినం.

అన్నీ తెలిసినవాళ్లు అక్కడే ఉన్నారు. నీటి రంగు చదివే ఉప్పు రైతు, మొగ ఎప్పుడు మళ్లుతుందో తెలిసిన బెస్త, ఏ చెట్టు మీద ఎన్ని గూళ్లున్నాయో చెప్పే తేలినీలాపురం కుర్రాడు. పర్యాటక శాఖ ఇక్కడ రిసార్టు కట్టక్కర్లేదు. వానలు పడి మళ్లలో పని ఆగే నెలల్లో ఈ మనుషులకు కొంత శిక్షణ, గుర్తింపు కార్డు, ఒక పూటకు ఇంత అని రేటు, ఇవి చాలు. మౌరిటానియాలో ముందు సీటు ఎవరిదో ఎవరూ మర్చిపోలేదు. ఇక్కడ ఆ సీటు ఖాళీగా ఉంది.

వెళ్లదలచినవాళ్లకు జనవరి నెలాఖరు, ఫిబ్రవరి మంచి అదను. పక్షులు ఇంకా ఉంటాయి, మళ్లలో పని మొదలై ఉంటుంది. విశాఖ నుంచి గుణుపురం పాసింజరు నౌపడలో ఆగుతుంది. తెల్లారే మళ్లకు చేరండి, నీళ్లు మీరే తెచ్చుకోండి, కారును ఒడ్డు ఇసుకలోకి దింపకండి. గట్టు మీద మీతో నడిచి చూపించిన మనిషికి టీ తాగించి చేతులు దులుపుకోకండి, అతని పూట కూలి లెక్కగట్టి చేతిలో పెట్టండి.