పెరటి మంటకు పర్మిషన్ ఎవరిస్తారు?

శివరాత్రి దాటిన నాలుగో నాడు మానుకోట నుంచి ఫోను వచ్చింది. ఫోను చేసినతను, ఆ వైపు నేను పంచాయతీ కార్యదర్శిగా ఉన్నప్పుడు చిన్న బడిలో చదివే పిల్లగాడు. ఇప్పుడు పట్టణంలో సొంతిల్లు కట్టుకున్నాడు. "మేడం, ఇంటెనక సర్కారు తుమ్మ కొట్టించిన. వేపాకు గూడ మోకాలెత్తు పడ్డది. అంత ఒక్కకాడ పోసి అంటువెడ్తె అయిపోతది. మల్ల మునిసిపాలిటోళ్ళు ఏమన్న అంటరో ఏమో. పర్మిషన్ ఎవలిస్తరు?"

నిప్పు పెట్టకముందే అడిగినందుకు నాకు సంతోషమైంది. ఉమ్మడి వరంగల్ జిల్లాలో జనగామ నుంచి భూపాలపల్లి దాకా ఎన్నో ఊళ్ళు తిరిగిన కొలువు నాది. ఇలా ముందుగా అడిగినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మంట పెట్టి, పక్కింటివాళ్ళతో మాటామాటా పెరిగాక ఆఫీసుకు వచ్చేవాళ్ళే ఎక్కువ.

అతనికి చెప్పిన జవాబే ఇక్కడా చెబుతున్నాను. పర్మిషన్ ఎవరూ ఇవ్వరు. పెరటి చెత్త కాల్చుకోవడానికి మన దగ్గర అలాంటి కాగితమే లేదు. పంచాయతీ కార్యదర్శి గానీ, మునిసిపల్ కమిషనర్ గానీ, ఫైర్ స్టేషన్ వాళ్ళు గానీ "కాల్చుకో" అని రాసివ్వరు. ఎవరైనా నోటిమాటగా సరేనన్నా అది చెల్లదు.

అమెరికాలో ఇస్తారు కదా అని అడిగేవాళ్ళూ ఉన్నారు. మా అబ్బాయి నార్త్ కరోలినాలో ఉంటాడు, నేను అక్కడ మూడు నెలలు ఉండి వచ్చాను. నిజమే, చెట్లు దట్టంగా ఉన్న జాగకు 500 అడుగుల లోపల మంట పెట్టాలంటే ఆ రాష్ట్ర అటవీ శాఖ దగ్గర పర్మిట్ తీసుకోవాలి. పైసా ఖర్చు లేదు, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లోనే వస్తుంది. అయితే ఆ పర్మిట్ వెనక ఎన్ని కట్టుబాట్లున్నాయో వినాలి. కాల్చేది సొంత జాగలో పడ్డ ఆకూ కొమ్మా మాత్రమే అయి ఉండాలి, ప్లాస్టిక్ ముక్క కూడా కలవకూడదు. నిప్పు పొద్దున 8 తర్వాతే పెట్టాలి, సాయంత్రం 6 దాటితే కుప్పలో కొత్తగా ఏమీ వేయకూడదు. ఎండా గాలీ ముదిరి ప్రభుత్వం నిషేధం ప్రకటిస్తే చేతిలో ఉన్న పర్మిట్ కూడా రద్దవుతుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకొకటి. ఆ వీధికి చెత్తబండి వచ్చి ఆకు తీసుకుపోతుంటే కాల్చడమే చట్టవిరుద్ధం. కాలిఫోర్నియాలో అటవీ అగ్నిమాపక శాఖ వాళ్ళ లెక్క ప్రకారం కుప్ప నాలుగు అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల ఎత్తు దాటకూడదు. చుట్టూ పది అడుగులు గడ్డిపోచ లేకుండా గీకాలి. నీళ్ళు, పార పక్కన పెట్టుకుని పెద్దవాళ్ళు ఒకరు ఆరేదాకా అక్కడే ఉండాలి.

మనం పర్మిట్ల దారిలో పోలేదు. కాల్చడమే వద్దన్నాం. ఆల్మిత్రా పటేల్ అనే ఆమె దేశంలో చెత్త సమస్య మీద 1996లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆ కేసు తర్వాత జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వచ్చింది. 2016 డిసెంబర్ 22న ట్రిబ్యునల్ తీర్పు చెప్పింది. దేశంలో ఎక్కడా బహిరంగంగా చెత్త తగలబెట్టకూడదు, డంపింగ్ యార్డులో కూడా కుదరదు. మామూలుగా కాల్చినవాళ్ళకు 5,000 రూపాయలు, పెద్దమొత్తంలో కాల్చినవాళ్ళకు 25,000 రూపాయల జరిమానా. అదే ఏడాది ఏప్రిల్‌లో కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలు ముఖ్యంగా పట్టణాలకు సంబంధించినవి. తోట చెత్తను ఇంటి ఆవరణలోనే వేరుగా పెట్టుకుని స్థానిక సంస్థ చెప్పినట్టు ఇచ్చేయాలని వాటిలో రాశారు. రోడ్లు ఊడ్చేవాళ్ళు ఊడ్చిన ఆకును కాల్చకుండా చూసే బాధ్యత కూడా మునిసిపాలిటీకే అప్పగించారు.

ఇక్కడ ఒక చదువుకున్నాయన నాతో వాదించాడు. "కాల్చొద్దన్న నిబంధనలో వీధులు, ఆవరణ బయటి బహిరంగ స్థలాలు అని రాసుంది కదమ్మా. నా పెరడు నాది" అన్నాడు. ఆ వాక్యంలో అలా ఉన్నమాట నిజమే. కానీ పెరడు ఆయనదైనంత మాత్రాన పొగ ప్రహరీ లోపల ఆగుతుందా? ట్రిబ్యునల్ మాట పక్కన పెట్టినా, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత ఉంది. ఎదుటివాళ్ళ ప్రాణానికి ముప్పు వచ్చేలా నిప్పుతో నిర్లక్ష్యంగా ఉంటే 287వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. చుట్టుపక్కలవాళ్ళ ఆరోగ్యం చెడేలా గాలిని పాడుచేస్తే 280వ సెక్షన్ కింద 1,000 రూపాయల వరకు జరిమానా. ఈ రెండు సెక్షన్లూ మంట పెట్టింది సొంత పెరట్లోనా, వీధిలోనా అని చూడవు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ తప్పు నేనూ చేశాను కాబట్టి.

2004 మార్చి. జనగామ దగ్గర ఒక ఊళ్ళో కొత్తగా కొలువు. అద్దె ఇంటి వెనక రెండు పెద్ద వేపచెట్లు. ఆదివారం పొద్దున ఆకంతా ఊడ్చి, మూలకు పోసి, అగ్గిపుల్ల గీశాను. అరగంటలో మంట పడిపోయింది. మీద తెల్లని బూడిద మిగిలింది. చెంబుతో నీళ్ళు చల్లి లోపలికి వెళ్ళిపోయాను. అక్కడే దెబ్బతిన్నాను. ఆకు కుప్ప పొయ్యిలో కట్టెలాగ కాలదు. పైన బూడిద దుప్పటిలా కప్పుకుంటుంది, కింద నిప్పు ఎర్రగా గంటల తరబడి రాజుకుంటూనే ఉంటుంది. పుల్లతో కెలికి చూస్తే తప్ప తెలియదు. నేను చల్లిన నీళ్ళు ఆ దుప్పటి దాటి కిందికి దిగనే లేదు. మధ్యాహ్నం మూడు దాటాక సుడిగాలి లేచింది. నేను బయటికి వచ్చేసరికి పక్కింటి గడ్డివాము మీద చిటపటలు మొదలయ్యాయి. ఊరంతా బిందెలతో ఉరికొచ్చింది. కొట్టంలో కట్టేసిన రెండు బర్లను పలుపులు కోసి బయటికి తోలారు. గడ్డివాము మాత్రం దక్కలేదు. ఎండకాలమంతా ఆ బర్లకు అదే మేత.

ఆ ఇంటి ముసలాయన నన్ను ఒక్క మాట అనలేదు. "గడ్డి పోతె పోయింది బిడ్డా, బర్లు దక్కినయ్" అన్నాడు. తర్వాత రెండు ట్రాక్టర్ల గడ్డి కొనిచ్చాను. ఊరికి శుభ్రత గురించి చెప్పవలసినదాన్ని నేనే ఆ పని చేశానన్న బాధ ఇప్పటికీ పోలేదు.

గడ్డివాము అందరికీ కనిపిస్తుంది, పొగ చేసే నష్టం అలా కనిపించదు. ఆకు పొగలోని సన్నని నుసి వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కన్నా చిన్నది. అది ముక్కులో ఆగకుండా నేరుగా ఊపిరితిత్తుల అడుగుకు దిగుతుంది. పక్కింట్లో ఆయాసమున్న అత్తో, పసిపిల్లో ఉంటే ఆ రాత్రి వాళ్ళకు నిద్ర ఉండదు. పైగా మన ఆకు కుప్పలో ఉండేది ఆకొక్కటే కాదు. పాలపాకెట్లు, షాంపూ పాకెట్లు, గుట్కా కవర్లు, తెగిన చెప్పులు అన్నీ అందులోనే కలిసి కాలతాయి. ప్లాస్టిక్ కాలితే, ముఖ్యంగా పైపులకు వాడే రకమైతే, డయాక్సిన్ల వంటి విషాలు పుడతాయి.

"బూడిద ఎరువే కదా" అంటారు రైతులు. బూడిదలో పొటాష్, సున్నం మిగులుతాయి, కాదనను. కానీ భూమికి ఎక్కువ అక్కరైన నత్రజని పొగలో కలిసి పోతుంది. దాన్నే మళ్ళీ యూరియా బస్తా రూపంలో కొనుక్కుంటున్నాం.

భూపాలపల్లి వైపు ఈ మాట ఇంకా జాగ్రత్తగా చెప్పాలి. మహదేవపూర్ దారిలో పల్లెల ఇళ్ళ వెనకే టేకు అడవి మొదలవుతుంది. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా రాలిన టేకాకు నేలంతా పరుచుకుని ఉంటుంది. పెరటి మంట నుంచి ఎగిరిన ఒక్క నిప్పురవ్వ చాలు. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం, ఆర్పకుండా వదిలెయ్యడం 1967 నాటి అటవీ చట్టం కింద నేరం. పాకాల వంటి అభయారణ్యాల్లో 1972 వన్యప్రాణి చట్టం కూడా వర్తిస్తుంది. మంట లేచిన జాగను ఉపగ్రహం పట్టుకుంటే డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే నుంచి ఇక్కడి సిబ్బంది ఫోనుకు మెసేజ్ వస్తుంది. ఇప్పపువ్వు ఏరుకునేవాళ్ళు చెట్టుకింద ఆకు కాల్చడం, తునికి మంచి చిగురు వేయాలని పొదలకు నిప్పు పెట్టడం పాత అలవాట్లు. ఆ పువ్వు, ఆ ఆకు మీద బతికేవాళ్ళను దొంగల్లా చూడడం నాకు ఇష్టం లేదు. చెట్టుకింద చీపురుతో ఊడ్చి పాత చీరలు పరిస్తే పువ్వు మట్టి అంటకుండా రాలుతుంది, మంచి ధరా వస్తుంది. కొన్ని రాష్ట్రాల్లో ఇందుకోసం వలలు కడుతున్నారు. ఇక్కడా వలలు ఇచ్చి చూపిస్తే వినరా?

సరే, కాల్చకుండా ఏం చేయాలి? పల్లెల్లో 2019లో పల్లె ప్రగతి మొదలయ్యాక పంచాయతీలకు ట్రాక్టర్లు, డంపింగ్ యార్డులు వచ్చాయి. ఆకును గోనెసంచుల్లో వేరుగా నింపి ఆ ట్రాక్టర్‌కు ఇవ్వాలి. డీజిల్‌కు పైసల్లేక ట్రాక్టర్ షెడ్డు దాటని వారాలు నేనూ చూశాను. అప్పుడు సర్పంచ్‌నో కార్యదర్శినో గట్టిగా అడగండి, అది మీ హక్కు. బండి రాలేదని మాత్రం అగ్గిపుల్ల గీయకండి.

ఇంట్లో నేను చేసేది ఇదీ. మూడడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతు గుంత. జానెడు మందం ఆకు, దాని మీద ఒక బకెట్ పేడనీళ్ళు, రెండు తట్టల పాత మట్టి. మళ్ళీ ఆకు. వారానికోసారి నీళ్ళు చల్లుతాను, నెలకోసారి పారతో తిరగేస్తాను. వేపాకు కొంచెం మొండిది, అందులో పచ్చగడ్డి కలిపితే తొందరగా మాగుతుంది. నాలుగైదు నెలలకు గుంతలో చెయ్యి పెడితే చల్లగా, చాయపత్తా లెక్క నల్లగా పొడిపొడిగా వస్తుంది. తొలకరి తర్వాతి మట్టివాసన వస్తుంది. గుంతకు జాగ లేకపోతే మామిడి, జామ చెట్ల మొదట్లో ఆకును అలాగే పరిచేయండి, ఎండకాలం తడి ఆరకుండా కాస్తుంది.

ఎవరో మంట పెట్టేశారు, అది అదుపు తప్పుతోంది అనుకుంటే వాదనకు దిగకుండా ముందు 101కి ఫోను చేయండి. మీరే ఆర్పవలసి వస్తే పైపైన నీళ్ళు చల్లి ఊరుకోకండి. కట్టెతో కుప్పను విరజిమ్మి, కింది నిప్పు తడిసేలా పోయండి. అరచెయ్యి దగ్గర పెట్టి చూసి, సెగ లేదని తేలేదాకా అక్కడి నుంచి కదలకండి.

మానుకోట అబ్బాయి వారం తర్వాత మళ్ళీ ఫోను చేశాడు. "మేడం, తుమ్మకంప కూరగాయల మడికి కంచె వెట్టిన. లావు కట్టెలు మా అత్తమ్మ పొయ్యికి తీసుకపోయింది. ఆకు గుంతలేసిన. మా బాపు వాసనొస్తదని మట్టి గప్పుతుండు."

"మట్టికి ముందు నీళ్ళు పొయ్యమను" అన్నాను. "పొడి ఆకు మాగదు."