లైసెన్సు తుపాకితో అంతర్రాష్ట్ర ప్రయాణం

లైసెన్సు తుపాకితో అంతర్రాష్ట్ర ప్రయాణం అనగా చట్టప్రకారం అనుమతి పొందిన పిస్తోలును గాని, రివాల్వరును గాని వెంట ఉంచుకొని ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి వెళ్ళడం. భారతదేశంలో ఈ విషయం ఆయుధాల చట్టం (1959), ఆయుధాల నిబంధనలు (2016) పరిధిలోకి వస్తుంది. చట్టం దేశమంతటికీ ఒకటే అయినప్పటికీ, లైసెన్సు మాత్రం దానిపై వ్రాసి ఉన్న ప్రాంతంలోనే చెల్లుతుంది. తుపాకి ఎవరిది అన్న ప్రశ్నకూ, దానిని ఎక్కడి వరకు తీసుకువెళ్ళవచ్చు అన్న ప్రశ్నకూ చట్టంలో వేర్వేరు సమాధానాలున్నాయి. తెలంగాణలోని జనగామ జిల్లా దేవరుప్పుల మండలం వంటి ప్రాంతాలవారికి 2014 తరువాత ఈ తేడా మరింత ముఖ్యమైనది.

చరిత్ర

బ్రిటిషు ఇండియాలో 1878 నాటి ఆయుధాల చట్టం అమలులో ఉండేది. లైసెన్సు లేకుండా భారతీయులు ఆయుధాలు ఉంచుకోవడాన్ని అది నిషేధించింది. నిజాం పాలనలోని హైదరాబాదు సంస్థానం ఈ చట్టం వెలుపల ఉండేది. తెలంగాణ గ్రామాలలో తుపాకులు ఎక్కువగా దేశ్‌ముఖుల వద్ద, వారి అనుచరుల వద్ద ఉండేవి. రైతులకు కర్రలు, వడిసెలలే ఆయుధాలు. 1946 జూలై 4న, ఇప్పటి దేవరుప్పుల మండలంలోని కడవెండి గ్రామంలో సంఘం ఊరేగింపుపై విసునూరు దేశ్‌ముఖు మనుషులు కాల్పులు జరిపారు. ఆ కాల్పులలో దొడ్డి కొమరయ్య మరణించాడు. ఈ సంఘటన తెలంగాణ సాయుధ పోరాటానికి నాంది అయినది. 1948 సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో విలీనమైనది. సాయుధ పోరాటాన్ని 1951 అక్టోబరులో విరమించారు.

స్వతంత్ర భారతదేశంలో పార్లమెంటు 1959లో కొత్త ఆయుధాల చట్టాన్ని చేసింది. ఇది 1962 అక్టోబరు 1న అమలులోకి వచ్చింది. దీని క్రింద 1962లో చేసిన నిబంధనల స్థానంలో 2016లో కొత్త నిబంధనలు వచ్చాయి. 2019 సవరణతో ఒక వ్యక్తి ఉంచుకోగల తుపాకుల సంఖ్య మూడు నుండి రెండుకు తగ్గినది, లైసెన్సు కాలపరిమితి 3 సంవత్సరాల నుండి 5 సంవత్సరాలకు పెరిగినది.

లైసెన్సు మరియు దాని పరిధి

చట్టంలోని 3వ సెక్షను ప్రకారం తుపాకిని గాని, తూటాలను గాని ఉంచుకోవడానికి లైసెన్సు తప్పనిసరి. సాధారణంగా 21 సంవత్సరాలు నిండినవారే ఇందుకు అర్హులు. జిల్లాలలో లైసెన్సును జిల్లా మేజిస్ట్రేటు, పోలీసు కమిషనరేటు ఉన్నచోట కమిషనరు జారీ చేస్తారు. దేవరుప్పుల పోలీసు స్టేషను వరంగల్ పోలీసు కమిషనరేటు పరిధిలో ఉన్నది.

సామాన్య పౌరులు అనుమతి పొందగల చేతితుపాకులలో పాయింట్ 32 బోరు రివాల్వరు, పిస్తోలు ముఖ్యమైనవి. 9 మిల్లీమీటర్ల పిస్తోలు వంటివి నిషిద్ధ బోరు క్రిందికి వస్తాయి. వాటికి కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి.

లైసెన్సుపై తుపాకి రకం, సంఖ్య, తూటాల పరిమితి, గడువు తేదీలతో పాటు అది చెల్లే ప్రాంతం కూడా వ్రాసి ఉంటుంది. ఆ ప్రాంతం ఒక జిల్లా కావచ్చు, ఒక రాష్ట్రం కావచ్చు, దేశమంతా కావచ్చు. పరిధిని పెంచుకోదలచినవారు కారణం చూపుతూ దరఖాస్తు చేయాలి. అనుమతి లభిస్తే దానిని లైసెన్సుపై నమోదు చేస్తారు. ఆ నమోదు లేకుండా సరిహద్దు దాటిన వ్యక్తి, సొంత తుపాకి విషయంలోనే లైసెన్సు షరతును అతిక్రమించినవాడవుతాడు.

రాష్ట్ర విభజన తరువాత

దేవరుప్పుల నుండి సూర్యాపేట, కోదాడల మీదుగా విజయవాడకు వెళ్ళే ప్రయాణం 2014 జూన్ 1 వరకు ఒకే రాష్ట్రంలో జరిగేది. జూన్ 2న తెలంగాణ ఏర్పడడంతో కోదాడ దాటిన తరువాత రాష్ట్ర సరిహద్దు వచ్చింది. దారి మారలేదు, తుపాకి మారలేదు, కాని ఆ ప్రయాణం అంతర్రాష్ట్ర ప్రయాణమైనది. 2016 అక్టోబరు 11న జనగామ జిల్లా ఏర్పడినప్పుడు దేవరుప్పుల మండలం వరంగల్ జిల్లా నుండి అందులో చేరింది. ఇటువంటి మార్పులు జరిగిన ప్రాంతాలలో పాత లైసెన్సుపై ఉన్న జిల్లా, రాష్ట్రం పేర్లను సరిచూసుకొని, జారీ చేసిన కార్యాలయంలో స్పష్టత పొందిన తరువాతే ప్రయాణించడం అవసరం.

ప్రయాణ నియమాలు

రోడ్డు మార్గం: అసలు లైసెన్సు వెంట ఉండాలి. 19వ సెక్షను ప్రకారం, ఆయుధం తీసుకువెళ్తున్న వ్యక్తిని లైసెన్సు చూపమని పోలీసు అధికారి అడగవచ్చు. చూపలేనప్పుడు పేరు, చిరునామా అడగవచ్చు, అవసరమైతే ఆయుధాన్ని స్వాధీనం చేసుకోవచ్చు. బహిరంగ ప్రదేశాలలో చేతితుపాకి పైకి కనబడకుండా ఒరలో ఉండాలి. జాతరలు, మతపరమైన ఊరేగింపులు, బహిరంగ సభలు, విద్యాసంస్థల ఆవరణలకు తుపాకి తీసుకువెళ్ళరాదని లైసెన్సు షరతులు చెబుతాయి.

రైలు మార్గం: అనుమానాస్పదంగా ఆయుధాలు తీసుకువెళ్తున్నవారిని వారెంటు లేకుండా నిర్బంధించే అధికారాన్ని 20వ సెక్షను పోలీసులకే గాక రైల్వే ఉద్యోగులకు కూడా ఇచ్చింది.

విమాన మార్గం: తుపాకిని గాని, తూటాలను గాని ప్రయాణికుల క్యాబిన్‌లోకి తీసుకువెళ్ళరాదు. విమాన సంస్థకు ముందుగా తెలియజేసి, తుపాకిలోని తూటాలు తీసివేసి, రెండింటినీ నియమానుసారం విడివిడిగా సర్దిన చెక్-ఇన్ సామానులో అప్పగించాలి. సంచి అడుగున మరచిపోయిన ఒక్క తూటా కూడా విమానాశ్రయ తనిఖీలో కేసుకు దారితీయవచ్చు. అయితే, ఆయుధం తన వద్ద ఉన్నదనే ఎరుక ఉన్నప్పుడే దానిని నేరపూరితమైన స్వాధీనంగా భావించాలని సుప్రీంకోర్టు గున్వంత్‌లాల్ కేసు (1972)లో చెప్పింది.

ఎన్నికల సమయంలో

ఎన్నికల ప్రకటన వెలువడిన తరువాత జిల్లా స్థాయి కమిటీ లైసెన్సులను సమీక్షిస్తుంది. అధికారులు ఆదేశించిన లైసెన్సుదారులు తమ ఆయుధాలను పోలీసు స్టేషనులో గాని, గుర్తింపు పొందిన ఆయుధ వ్యాపారి వద్ద గాని అప్పగించి రసీదు పొందాలి. సరిహద్దులలో తనిఖీ కేంద్రాలు కూడా ఏర్పాటవుతాయి. పొరుగు రాష్ట్రంలో మాత్రమే ఎన్నికలున్నప్పటికీ అక్కడికి వెళ్ళే లైసెన్సుదారు అక్కడి ఆంక్షలకు లోబడి ఉండాలి.

శిక్షలు

లైసెన్సు షరతులను అతిక్రమిస్తే 30వ సెక్షను క్రింద 6 నెలల వరకు జైలు, లేదా రూ.2,000 వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. 17వ సెక్షను క్రింద లైసెన్సును నిలిపివేయవచ్చు, రద్దు చేయవచ్చు. లైసెన్సు లేకుండా తుపాకి కలిగి ఉండడం అంతకన్నా తీవ్రమైన నేరం. 2019 సవరణ తరువాత దీనికి 2 సంవత్సరాలకు తగ్గకుండా 5 సంవత్సరాల వరకు జైలుశిక్ష ఉన్నది. వేడుకలలో నిర్లక్ష్యంగా కాల్పులు జరిపి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే 2 సంవత్సరాల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

అమెరికాలో

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో తుపాకి చట్టాలు రాష్ట్రానికొక తీరుగా ఉన్నాయి. ఒక రాష్ట్రం ఇచ్చిన అనుమతిని మరొక రాష్ట్రం గుర్తించకపోవచ్చు. 1986లో వచ్చిన సమాఖ్య చట్టం, బయలుదేరిన చోట, చేరవలసిన చోట తుపాకి కలిగి ఉండడం చట్టబద్ధమైతే, మధ్యనున్న రాష్ట్రాల గుండా సాగే ప్రయాణానికి రక్షణ కల్పించింది. అందుకు తుపాకిలో తూటాలు ఉండరాదు. తుపాకి, తూటాలు ప్రయాణికులకు వెంటనే అందే చోట ఉండరాదు. వాహనానికి విడిగా డిక్కీ లేకపోతే వాటిని తాళం వేసిన పెట్టెలో ఉంచాలి. అయితే విద్యార్థి వీసా, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకి కలిగి ఉండడాన్ని సమాఖ్య చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. వేట లైసెన్సు ఉన్నవారి వంటి కొందరికి మాత్రమే మినహాయింపులున్నాయి. అక్కడ చదువుతున్న, ఉద్యోగం చేస్తున్న తెలుగువారిలో అనేకులకు ఈ నిషేధం వర్తిస్తుంది.