కొలత రాశారు సరే.. కుట్టు మాటేది?

గుడియాత్తం: పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే గుడియాత్తం వీధుల్లో కుట్టుమిషన్ల చప్పుడు రాత్రి పొద్దుపోయేదాకా ఆగదు. పట్టుచీర కొన్నవాళ్లు దాంతో వచ్చిన జాకెట్టు ముక్కను పట్టుకుని టైలరు దగ్గరికి పరుగెడతారు. ఆ ముక్క మహా అయితే 80 సెంటీమీటర్లు. కత్తెర ఒక్కసారి తప్పిందా.. ఇక అంతే సంగతులు. అదే రంగు, అదే అంచు ఉన్న మరో ముక్క ఏ కొట్లోనూ దొరకదు. చీర ఖరీదు వేలల్లో, కుట్టుకూలి వందల్లో. పాడైతే మాత్రం నింద మొత్తం కుట్టిన చేతిదే.

పేరున్న మాస్టర్లకు ఈ భయం అంతగా ఉండదు. చిక్కంతా ఇంట్లో మిషన్ పెట్టుకుని నాలుగు రాళ్లు సంపాదించుకుందామనుకునే ఆడవాళ్లకే. వేలూరు, కాట్పాడి, గుడియాత్తం, పేర్నాంబట్టు చుట్టుపక్కల ఇలాంటివాళ్లు వీధికొకరు ఉంటారు. మూడు నెలలో ఆరు నెలలో నేర్చుకుంటారు. చేయి తిరిగేదాకా వాళ్లకు దిక్కు 'పేపర్ కటింగే'. ముందే కత్తిరించిన అట్టకాగితాన్ని గుడ్డ మీద పరిచి, చాక్‌పీసుతో గీసి, కుట్టుకు అరంగుళం వదిలి కత్తిరించడమన్నమాట. ఆ కాగితం మీద 34 అనో 36 అనో ఛాతీ కొలత ఉంటుంది. మోడల్ పేరూ ఉంటుంది. దాన్ని కుట్టడానికి ఏయే పనులు వచ్చి ఉండాలో మాత్రం ఉండదు.

పేరు జాకెట్టే.. పని వేరు

"ఏముందక్కా, జాకెట్టేగా" అంటారు కుట్టించుకునేవాళ్లు. అక్కడే వస్తుంది తంటా. నాలుగు టక్కుల మామూలు జాకెట్టుకు కావాల్సినవి.. తిన్నని కుట్టు, టక్కులు సమంగా పట్టడం, మెడకు పట్టీ, చేతులు అతకడం, హుక్కుల పట్టీ. టూ బై టూ గుడ్డ మీద పది జాకెట్లు కుడితే ఇవి పట్టుబడతాయి.

కటోరీ మోడల్ అలా కాదు. రొమ్ము దగ్గర గిన్నెలా వచ్చే ముక్కను లోపలికి వంపు తిరిగిన ముక్కతో అతకాలి. ఒక అంచు బయటికి ఉబ్బి ఉంటుంది, రెండోది లోపలికి. బల్ల మీద రెండూ ఒకదానిమీదొకటి కూర్చోవు. కుట్టేటప్పుడు వేళ్లతో కొద్దికొద్దిగా సర్దుతూ, గాటుకు గాటు కలుపుతూ పోవాలి. ప్రిన్సెస్ కట్‌లో ఈ వంపు కుట్టు చంక దగ్గరో భుజం దగ్గరో మొదలై నడుము దాకా దిగుతుంది, అదీ రెండువైపులా. ఒక పక్క పావంగుళం జరిగినా ఎదురుగా నిలబడినవాళ్లకు ఇట్టే కనిపిస్తుంది. దానికి లైనింగ్ పెట్టి, వెనక జిప్పు వేసి, మెడ చుట్టూ పైపింగ్ తిప్పమంటే అది నాలుగు కొత్త విద్యలు కలిసిన పని. పైపింగ్ పట్టీని గుడ్డ ఏటవాలుగా, 45 డిగ్రీల క్రాసులోనే తీయాలి. నిలువుగా తీస్తే మెడ వంపులో తిరగదు, ముడతలు పడుతుంది.

నేర్చుకునే అమ్మాయికి ఈ తేడాలన్నీ గుడ్డ కత్తిరించాకే తెలుస్తాయి. ఆ ముక్క కాస్తా పట్టుచీరదైతే..!

ఈ లెక్కన చూస్తే గుడియాత్తం మగ్గాల మీద నేసే లుంగీ మహరాజు. రెండు కొసలు కలిపి ఒక్క కుట్టు వేస్తే చాలు, ఒంటికి వచ్చేస్తుంది. దానికి పేపరూ అక్కర్లేదు, మాస్టరూ అక్కర్లేదు.

చిల్లుల కాగితం నుంచి చుక్కల దాకా

కాగితపు నమూనాల వ్యాపారం అమెరికాలో మొదలైన రోజుల్లోనూ ఇదే గోల. మాసచూసెట్స్‌లో ఎబనేజర్ బటరిక్ అనే దర్జీ 1863లో సైజుల వారీగా నమూనాలు కత్తిరించి అమ్మడం ప్రారంభించాడు. ఆ రోజుల నమూనాల్లో గీతలు, అక్షరాలు ఉండేవి కావు. పలచటి కాగితానికి చిల్లులు, గాట్లు.. అంతే. ఏ చిల్లు టక్కుకో, ఏది చేతికో కొన్నవాళ్లే పోల్చుకోవాలి. గీతలు, మాటలు అచ్చేసిన నమూనాలు వాడుకలోకి రావడానికి 1920ల దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ తరవాతే కవరు మీద 'ఇది ఎవరు కుట్టగలరు' అనే మాట చేరింది. వోగ్ కంపెనీ నమూనాల మీద 'చాలా సులువు', 'సులువు', 'మధ్యస్థం', 'పైస్థాయి' అనే వరసలు కనిపిస్తాయి. ఏ గుడ్డ పనికొస్తుంది, జిప్పు ఎంత పొడవు, గుండీలు ఎన్ని.. అన్నీ కవరు వెనకే రాసి ఉంటాయి. జర్మనీలో 1950లో మొదలైన బుర్దా పత్రిక ఇంకో దారి పట్టింది. మాటల బదులు చుక్కలు. చుక్కలు తక్కువుంటే తేలిక, పెరిగేకొద్దీ కష్టం. చదువు రానివాళ్లకైనా అర్థమవుతుంది.

అయితే చుక్కలతోనే పని అయిపోదు. 'సులువు' అన్నది ఎవరికి? ఇరవై ఏళ్లుగా మగవాళ్ల చొక్కాలు కుట్టే మాస్టరుకు కాలరు, కఫ్ మంచినీళ్ల ప్రాయం. ఆయన్నే జార్జెట్ గుడ్డకు పైపింగ్ వేయమంటే చెమటలు పడతాయి. చీరలకు ఫాల్ కుట్టే ఇల్లాలికి చేతికుట్టు కంటికి కనపడనంత సన్నగా వస్తుంది. చంక దగ్గర చేయి అతకమంటే తడబడుతుంది. ఇద్దరికీ ఒకటే మార్కు ఎలా వేస్తారు? అందుకే కష్టం ఎంతో చెప్పే గుర్తు కన్నా, పనుల పేర్లు చెప్పే చీటీ ఎక్కువ ఉపయోగం. 'వంపు కుట్టు, లైనింగ్, వెనక జిప్పు' అని మూడు మాటలు రాస్తే చాలు. తనకు ఏది వచ్చో, ఏది రాదో ఆమే చూసుకుంటుంది. గుడ్డ పేరు కూడా రాయాలి. కాటన్ మీద గంటలో అయ్యే జాకెట్టు షిఫాన్ మీద పూట తింటుంది.

తోలు పనిలో ఉన్న తెలివి

ఈ పద్ధతి పాలారు లోయకు కొత్తేమీ కాదు. ఆంబూరు, పేర్నాంబట్టు, రాణిపేట చెప్పుల కంపెనీల్లో ఒక బూటు పైభాగాన్ని ఒక్కరే కుట్టరు. తోలు అంచును పలచగా చెక్కేది ఒకరు, మడిచి అతికేది ఒకరు, కుట్టేది ఇంకొకరు. ఏ పనికి ఏ చేయి కావాలో లైన్‌లో ముందే విడగొట్టి ఉంటుంది. తెల్లారేసరికి కంపెనీ బస్సెక్కి పోయే ఆడవాళ్లలో స్తంభం మిషన్ మీద బూటు ముక్కు వంపును తిప్పి కుట్టేవాళ్లున్నారు. తోలు మీద కుట్టు తప్పితే సూది చిల్లు మిగిలిపోతుంది, విప్పి మళ్లీ కుట్టడానికి లేదు. అంత జాగ్రత్త తెలిసిన చేతులు అవి. కంపెనీ మానేసి ఇంటి దగ్గర మిషన్ పెట్టుకున్నప్పుడు మాత్రం తనకు జాకెట్టు పనిలో సగం వచ్చేసిందని ఆమెకు చెప్పే కాగితం లేదు. 'వంపు కుట్టు' అన్న మాట కనబడితే "ఓ, ఇదా!" అనుకునేది.

మూడు భాషల టేపు

గుడియాత్తం నుంచి పరదరామి దాటితే చిత్తూరు జిల్లా. 1911లో ఆ జిల్లా ఏర్పడేవరకు చిత్తూరు, పలమనేరు, గుడియాత్తం అన్నీ ఉత్తర ఆర్కాటు కిందివే. ఇటు ఇళ్లల్లో తెలుగు ఇంకా ఉంది, బడిలో చాలామటుకు లేదు. 2006 నాటి చట్టంతో తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. దాంతో అమ్మమ్మకు తెలుగు అక్షరాలొచ్చు, మనవరాలికి తమిళం వచ్చు, ఇద్దరూ మాట్లాడుకునేది తెలుగే. చిత్తూరు నుంచి తెచ్చిన తెలుగు కటింగ్ పుస్తకం మనవరాలికి బొమ్మల పుస్తకం. వేలూరులో కొన్న తమిళ కాగితం అమ్మమ్మకు గీతల కాగితం. ఇద్దరికీ తెలిసింది ఇంచీల టేపు ఒక్కటే. ఇలాంటి చోట గుర్తులు మాటలకన్నా బాగా పనిచేస్తాయి. వంపు గీత ఉంటే వంపు కుట్టు, పళ్ల గీత ఉంటే జిప్పు, ఏటవాలు గీత ఉంటే క్రాసు పట్టీ.

సర్టిఫికెట్ ఉంటే సరిపోదా?

సర్కారు లెక్కలో నైపుణ్యానికి స్థాయిలున్నాయి. 2013లో వచ్చిన జాతీయ నైపుణ్య అర్హతల చట్రంలో స్వయం ఉపాధి టైలరుది నాలుగో స్థాయి. అది మనిషికి వేసిన ముద్ర. ముందున్న గుడ్డకు కాదు. నాలుగో స్థాయి అమ్మాయికి కటోరీ వచ్చో రాదో ఆ కాగితం చూసి చెప్పలేం.

పథకాల్లోనూ సరిహద్దు గీత ఉంది. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మలోని 18 వృత్తుల్లో దర్జీ ఒకటి. అయిదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, రోజుకు రూ.500 భత్యం, పనిముట్లకు రూ.15 వేలు. అటు చిత్తూరులో ఇది ఉంది. కుల వృత్తులకే కట్టిపడేస్తుందంటూ 2024 నవంబరులో తమిళనాడు దీన్ని కాదంది. 2025 ఏప్రిల్‌లో సొంతంగా కలైజ్ఞర్ కైవినై పథకం తెచ్చింది. ఇందులో 25 వృత్తులున్నాయి. రూ.3 లక్షల వరకు రుణం, అందులో 25 శాతం, గరిష్ఠంగా రూ.50 వేలు సబ్సిడీ. మిషన్ కొనుక్కోవడానికి రెండూ పనికొస్తాయి. ప్రిన్సెస్ కట్ కుట్టడానికి పనికొచ్చేది పక్కన కూర్చుని చూపించే మనిషే, లేదా కాగితం మీద రాసిన నాలుగు మాటలు.

ఇందులో డబ్బు సంగతీ ఉంది. టైలరింగ్ పరిశ్రమ కనీస వేతనాలను తమిళనాడు 2014లో సవరించింది. యాజమాన్యాలు కోర్టుకెళ్లినా 2016లో మద్రాసు హైకోర్టు ఆ ఉత్తర్వును సమర్థించింది. ఇంట్లో కుట్టేవాళ్లకు ఆ లెక్క అందదు. వాళ్లది జాకెట్టుకింత అనే బేరం. "పక్కింటామె తక్కువకే కుడుతుంది కదక్కా" అని వచ్చినవాళ్లు అంటే బదులు చెప్పలేక తగ్గించేస్తారు. పక్కింటామె కుట్టింది నాలుగు టక్కులది, తను కుట్టబోయేది లైనింగ్, జిప్పు, పైపింగ్ ఉన్నది అని చూపించడానికి చేతిలో ఒక చీటీ ఉంటే ఆ బేరం ఇంకోలా నడుస్తుంది.

చీటీకి ఖర్చు కూడా పెద్దగా లేదు. పాత మాస్టర్లు కొలతల పుస్తకంలో పేరు, కొలతలు రాసి, పక్కనే గుడ్డ పేలిక ఒకటి పిన్ను చేసి ఉంచుతారు. పేపర్ కటింగ్‌కూ అదే చేయొచ్చు. ఒక మూల ఏ గుడ్డ మీద కుట్టారో ఆ పేలిక, దాని కింద పనుల పేర్లు, విప్పి మళ్లీ కుట్టాల్సి వచ్చిన చోట ఎర్ర పెన్సిల్‌తో ఒక గీత. రెండోసారి ఆ కాగితం తీసినప్పుడు కత్తెర కన్నా ముందు కన్ను ఆ ఎర్రగీత మీదికే పోతుంది.