పాలపళ్లే కదా అనుకోవద్దు

బిడ్డ పన్ను పుచ్చిందంటే మన ఇళ్లలో ముందు వినిపించే మాట, “పాలపళ్లే కదా, ఎట్లాగూ ఊడిపోయేవే”. ఊడేది నిజమే. కానీ వెనుక దవడ పళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఊడవు. మూడేళ్లకే పుచ్చితే బిడ్డ అన్నేళ్లూ ఆ పంటితోనే నమలాలి. నొప్పికి సరిగా తినదు, నిద్రపోదు, ఒళ్లు పట్టదు. చీము పడితే కింద తయారవుతున్న శాశ్వత పన్ను కూడా దెబ్బతినవచ్చు. భారత దంత వైద్య మండలి 2002–03లో జరిపించిన దేశవ్యాప్త సర్వేలో ఐదేళ్ల పిల్లల్లో సగం మందికి పైగా పిప్పిపళ్లు కనిపించాయి.

పన్నును తినేది పురుగు కాదు. వాకుడు గింజల పొగ పట్టి పురుగులు రాల్చామని చూపేవాళ్లను నమ్మవద్దు. నోటిలోని సూక్ష్మక్రిములు తీపిని పులియబెడతాయి. ఆ ఆమ్లం పంటి పైపొరను కరిగిస్తుంది. తీపి ఎంత తిన్నామన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నామన్నదే ముఖ్యం. ఒక్కసారి తిన్న లడ్డు కంటే పొద్దంతా చప్పరించే చాక్లెట్టు, చాయ్‌లో ముంచిన బిస్కెట్టు ఎక్కువ చెరుపు చేస్తాయి. అన్నిటికంటే చెడ్డది, చక్కెర పాల సీసా నోట్లో పెట్టి బిడ్డను నిద్రపుచ్చడం. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, పాలు పళ్ల మీదే నిలుస్తాయి. అందుకే పై ముందుపళ్లు మొదట పోతాయి. కింది వాటిని నాలుక కాపాడుతుంది. రంజాన్‌లో పిల్లలు సహరీకి లేచి తీపి తిని అట్లే పడుకోవడమూ ఇదే కోవలోది. పుట్టిన బిడ్డకు చేసే తహ్నీక్ గురించి దిగులు వద్దు, అది ఒక్కసారే.

చిగురు పక్కన సుద్దలాంటి తెల్లని గీత కనిపిస్తే అది మొదటి గుర్తు. ఈ దశలో ఆపవచ్చు. గోధుమరంగై గుంట పడితే డాక్టరు దగ్గరకు పోవలసిందే.

మన రాయలసీమలో ఇంకో చిక్కుంది. కొన్ని ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే, పళ్లు తయారయ్యే వయసులో తాగిన పిల్లలకు గారపళ్లు వస్తాయి. దాంతో కొందరు తల్లులు పేస్టునే మానేశారు. అది సరికాదు. మూడేళ్లలోపు బియ్యపు గింజంత, తర్వాత బఠానీ గింజంత పేస్టు చాలు. పెద్దలే తోమి, ఉమ్మించాలి. మిస్వాక్ మంచిదే, కానీ రెండేళ్ల బిడ్డ దవడ పళ్ల గుంటల్లోకి అది చేరదు. చిన్న మెత్తని బ్రష్షు కావాలి. రాత్రి పడుకునే ముందు తోమిన తర్వాత నీళ్లు తప్ప ఏమీ వద్దు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లలకు ఏడాదికి రెండుసార్లు జరిగే పరీక్షలో పళ్లు కూడా చూడాలి. ఆ రోజు బిడ్డను తప్పక పంపండి. కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది; కర్నూలు వాళ్లు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి దంత విభాగానికి పోవచ్చు. మొదటి పుట్టినరోజు నాటికి ఒకసారి చూపించడం మేలు, నొప్పి లేకపోయినా.