రోగికి తోడున్నవారికీ కాస్త చెట్టు నీడ కావాలి

"సిస్టరమ్మా, ఆయన మంచంల ఉంటే నేను తోటల తిరిగితే నలుగురు ఏమనుకుంటరు?"

హైదరాబాదులో నేను పనిచేసిన రోజుల్లో ఒక పెద్దావిడ అడిగిన మాట ఇది. పక్షవాతంతో చేరిన భర్త పక్కన పదకొండు రోజులుగా స్టూలు మీదే కూర్చుని ఉంది. తన బి.పి. మాత్రలు అయిపోయినా ఎవరికీ చెప్పలేదు. మర్నాడు తెల్లవారుజామున వార్డులోనే కళ్లు తిరిగి పడిపోయింది. ఒక్క రోగితో వచ్చిన ఆ కుటుంబానికి ఇద్దరు రోగులయ్యారు.

రోగికి చార్టు ఉంటుంది, వేళకు మాత్ర అందుతుంది. తోడున్నవారిని మాత్రం "మీరు తిన్నారా? పడుకున్నారా?" అని అడిగేవారు తక్కువ.

తోడున్నవారి ఒంట్లో ఏం జరుగుతుంది?

రోజంతా కాళ్లు వేలాడేసి కూర్చుంటే పాదాలు వాస్తాయి. కదలిక లేకపోతే కాలి సిరల్లో రక్తప్రసరణ నెమ్మదిస్తుంది, కొందరిలో రక్తం గడ్డకట్టే ప్రమాదమూ ఉంది. రాత్రింబవళ్లు ట్యూబులైటు కిందే ఉంటే నిద్ర వేళలు తప్పుతాయి. ఆందోళన రోజుల తరబడి కొనసాగితే ఒత్తిడి హార్మోన్లు పెరిగి బి.పి., షుగరు అదుపు తప్పవచ్చు.

పచ్చదనం ఏం చేస్తుంది?

అమెరికాలో రోజర్ అల్‌రిచ్ అనే పరిశోధకుడు పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రికార్డులు పరిశీలించారు. సగం మంది గది కిటికీలోంచి చెట్లు కనిపించేవి, మిగతా సగం మందికి ఇటుక గోడ కనిపించేది. చెట్లు కనిపించినవారు కొంచెం ముందుగా ఇంటికి వెళ్లారు, బలమైన నొప్పి మందులు తక్కువగా వాడారు. ఈ ఫలితాలు 1984లో అచ్చయ్యాయి. చెట్టు జబ్బు నయం చేస్తుందని దీని అర్థం కాదు. మందు మందే. పచ్చదనం మనసుకు ఊరటనిస్తుంది, నడక కాళ్లలో రక్తాన్ని కదిలిస్తుంది, ఉదయపు వెలుగు రాత్రి నిద్రకు సాయపడుతుంది.

నగరం నడుమ ఒక తోట

హైదరాబాదు నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్స్ నిజాముల కాలం నాటిది. దాని పాత పేరు బాగ్-ఎ-ఆమ్, అంటే అందరి తోట. శాసనసభ భవనం దాని పక్కనే ఉంది. జూబ్లీ హాలు, ఈజిప్టు మమ్మీ ఉన్న మ్యూజియం ఆ ఆవరణలోనివే. బయట రోడ్డు మీద బస్సుల హారన్లు ఆగవు. లోపల పెద్ద చెట్ల కిందికి నాలుగడుగులు వేస్తే ఆ రొద తగ్గుతుంది, ఎండ వేడీ తగ్గుతుంది. నిలోఫర్, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రులకు ఇది దగ్గరే. మీ ఊళ్లో ఇలాంటి తోట లేకపోతే ఆసుపత్రి ఆవరణలోని వేపచెట్టు నీడైనా సరే.

ఇలా చేయండి

1. రోగి దగ్గర ఇంకొకరిని కూర్చోబెట్టండి. డ్యూటీ నర్సుకు చెప్పి, మీ ఫోన్ నంబరు ఇచ్చి వెళ్లండి. డాక్టరుగారు రౌండ్సుకు వచ్చే వేళ వద్దు.
2. ఉదయం గానీ సాయంత్రం గానీ అరగంట చాలు. పావుగంట మెల్లగా నడవండి, పావుగంట ఊరికే కూర్చోండి.
3. మీ మాత్రలు మానకండి. షుగరు ఉన్నవారు పరగడుపున నడవకండి. నీళ్ల సీసా, తినడానికి ఏదైనా దగ్గర ఉంచుకోండి.
4. గుండెలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆగి సాయం అడగండి. ఒక కాలే వాచి నొప్పి పెడితే డాక్టరుకు చూపించండి.
5. తిరిగి వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కునే రోగిని తాకండి. క్యాన్సర్ మందులు వాడుతున్నవారి దగ్గరికి పూలు, ఆకులు తేకండి.
6. రోగిని తీసుకెళ్లాలనుకుంటే డాక్టరుగారి అనుమతి తప్పనిసరి.

ఆ పెద్దావిడ కోలుకున్నాక ఆమె తమ్ముడు బావ దగ్గర కూర్చున్నాడు. కోడలు ఆమెను తోటకు తీసుకెళ్లింది. తిరిగి వచ్చి భర్త ముఖం తుడుస్తూ, "ఆడ రామచిలుకలున్నయి, నువ్వు లేచినంక పోదాం" అంది. ఆయన పెదవి కొంచెం కదిలింది. ఆ రాత్రి ఆమె నాలుగు గంటలు నిద్రపోయింది.

మీరు అరగంట బయటికి వెళ్తే అది రోగిని వదిలేయడం కాదు. రేపు కూడా ఆయన పక్కన నిలబడటానికి కావలసిన బలం తెచ్చుకోవడం.